పచ్చళ్ళ వ్యాపారంలో ముందు కాపాడుకోవాల్సింది పాళ్ళనా, పేరునా?

గోంగూర కట్ట (చర్చ పెట్టినవారు)

లెక్క కోసం ఇలా అనుకుందాం. విజయవాడలో ఒక పచ్చళ్ళ యూనిట్. ఒక షాపు, ఒక వంటశాల, అరడజను మంది పనివాళ్ళు. హైదరాబాద్‌లో రెండు, డల్లాస్‌లో ఒకటి ఫ్రాంచైజీ ఇద్దామనుకుంటున్నారు. ఇలాంటివాళ్ళకి ఒకరు ఆవకాయ ఫార్ములాకి పేటెంట్ తీసుకోమంటారు, ఇంకొకరు పాళ్ళు బయటికి పొక్కకుండా చూసుకుంటే చాలంటారు, మూడోవారు ముందు పేరు రిజిస్టర్ చెయ్యమంటారు. నా ఓటు రహస్యానికే. రుచి పక్కవాడి చేతికి పోయాక బోర్డు మీద పేరుండి ఏం లాభం?

చట్టం చదివినోడు

పేటెంట్ మాట పక్కన పెట్టెయ్యండి. 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఇ) దగ్గరే బండి ఆగిపోతుంది: ఉన్న దినుసులు కలిపితే వాటి గుణాలే కలిసొచ్చే మిశ్రమం ఆవిష్కరణ కాదు. అది దాటినా 3(పి) ఉంది, సంప్రదాయ జ్ఞానానికి పేటెంట్ లేదు. పసుపు గాయం మాన్పుతుందని 1995లో అమెరికా పేటెంట్ ఇచ్చేస్తే, మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించింది. అలా గెలిచినవాళ్ళం ఆవకాయకి పేటెంట్ అడగడం ఏం బావుంటుంది? పైగా అప్లికేషన్ వేసిన 18 నెలలకి అందులో రాసిందంతా పేటెంట్ ఆఫీసు జర్నల్లో అచ్చవుతుంది. తిరస్కరిస్తే పేటెంటూ లేదు, రహస్యమూ లేదు.

జాడీ మూత

మిశ్రమానికి అయితే నిజమే. తయారీ పద్ధతికి మాత్రం తలుపు పూర్తిగా మూసుకోలేదు. ప్రిజర్వేటివ్ లేకుండా గోంగూర రంగు మారకుండా ఉంచే పద్ధతి కొత్తగా ఉంటే, ఎంత వేడిలో ఎంతసేపు, తేమ ఎంత, పాత పద్ధతితో పోలిస్తే తేడా ఎంత అని పట్టికలతో సహా వెయ్యొచ్చు. చిన్న సంస్థకి ఆన్‌లైన్‌లో దాఖలు ఫీజు 1,600, దాన్ని పరీక్షించమని పేటెంట్ ఆఫీసుని కోరడానికి 4,000. ఆ కోరిక 31 నెలల్లో పెట్టాలి, లేకపోతే అప్లికేషన్ వదిలేసినట్టే. ఏజెంటు ఫీజు వేరే, అసలు బరువు అదే. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ పద్ధతిలో చేసిన సరుకు అమ్మడం మొదలుపెట్టి, ఆ తర్వాత దాఖలు చేస్తే కొత్తదనం మీద దెబ్బ పడుతుంది.

గోంగూర కట్ట

సరే, పేటెంట్ వదిలేశా. రహస్యం సంగతి చెప్పండి. ఆవపిండి, మెంతిపిండి కలిపి ఒకటో నంబరు సంచి. కారం, ఉప్పు కలిపి రెండో నంబరు సంచి. సీలు వేసి ఫ్రాంచైజీకి పంపితే సరి. వాళ్ళ చేతిలో ఉండేది కార్డు ఒక్కటే: ముక్కలు 50 కిలోలు, ఒకటోది ఒక సంచి, రెండోది ఒక సంచి, నూనె ఇంత. పాళ్ళు తెలిసేది యజమానికే.

రోటి పచ్చడి

కాగితం మీద బావుంది, జాడీలో బావుండదు. మామిడికాయ లాటు లాటుకీ మారుతుంది. పులుపు ఎక్కువున్న లాటు ఒకటొస్తుంది, నీరు ఎక్కువున్నది ఇంకొకటొస్తుంది. ఉప్పు సంచిలో బిగించేస్తే నీటి కాయ వచ్చినప్పుడు ఉప్పు చాలదు, పైన బూజు తెట్టు కడుతుంది. అప్పుడు అక్కడున్న మనిషి ఉప్పు సర్దాలి, సర్దాలంటే అసలు ఎంత ఉందో తెలియాలి. ఆవపిండిదీ అదే గోల. దంచిన ఆవాలు నిలవుంటే ఘాటు దిగిపోతుంది, కాస్త తడి తగిలితే చేదెక్కుతుంది. విజయవాడలో ఆడించి హైదరాబాద్‌కి వారంలో పంపొచ్చు. డల్లాస్‌కి ఓడలో పంపితే అక్కడ దిగేది ఆవపిండి కాదు, పసుపురంగు పొట్టు.

కాబట్టి ఉప్పు సంచిలో కలపకండి. దాచదగ్గది మెంతులు ఎంత రంగుకి వేయించాలి, ఏ మిరపకాయ ఏ మిరపకాయతో ఎంత కలపాలి, ఎవరి దగ్గర కొనాలి అన్నది. అసలు సరుకు అక్కడుంది.

చట్టం చదివినోడు

రహస్యం మీద ఇంకో మాట. మన దేశంలో వ్యాపార రహస్యాలకి ప్రత్యేక చట్టం లేదు. లా కమిషన్ 2024లో 289వ నివేదికలో ముసాయిదా బిల్లు ఇచ్చింది, అంతవరకే. ఇప్పుడున్న దారి ఒప్పందం. అందులో "మానేశాక మూడేళ్ళు పచ్చళ్ళ వ్యాపారం చెయ్యకూడదు" అని చాలామంది రాయించుకుంటారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం ఉద్యోగి విషయంలో అది చెల్లదు. "ఫలానా బ్యాచ్ కార్డులు, ఫలానా సరఫరాదారుల జాబితా బయటపెట్టకూడదు" అని పేరుపేరునా రాస్తే నిలబడుతుంది. ఆ కార్డులు బీరువాలో తాళం కింద ఉన్నాయని, ఎవరు ఎప్పుడు తీశారో పుస్తకంలో సంతకాలున్నాయని చూపించాలి. గోడకి అంటించిన కాగితాన్ని రహస్యమంటే ఏ కోర్టూ వినదు. ఇక జాడీ కొనుక్కుని, రుచి చూసి, పాళ్ళు కనిపెట్టినవాడిది తప్పే కాదు.

జాడీ మూత

లేబులు కూడా సగం చెప్పేస్తుంది కదా. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం దినుసులు బరువులో ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. మసాలా దినుసులని ఉమ్మడి పేరు కింద రాసే వెసులుబాటుంది, అది వాడుకోండి. డబ్బా ముందు నువ్వులనూనె బొమ్మ పెద్దగా వేశారో, అది ఎంత శాతమో కూడా చెప్పాలి. గొప్ప కోసం వేసిన బొమ్మ పాళ్ళని బయటపెడుతుంది.

బోర్డు రాసేవాడు

ఇంతసేపూ పేరు సంగతి ఎవరూ ముట్టలేదు. ఫ్రాంచైజీ అంటే అమ్మేది పేరే. పేరు మీ పేర రిజిస్టర్ కాకుండా రాయల్టీ అడిగితే, ఆర్నెల్లకి అవతలివాడు బోర్డులో ఒక అక్షరం మార్చి సొంత దుకాణం పెట్టుకుంటాడు.

పేరు రిజిస్టర్ చెయ్యడమంటే ట్రేడ్‌మార్క్. అందులో ఎక్కువగా జరిగే పొరపాటు క్లాసు (సరుకు రకాన్ని బట్టి ఉండే నంబరు) దగ్గర. పచ్చళ్ళు 29లోకి వస్తాయి. కారప్పొడులు, మసాలాలు, స్వీట్లు 30లోకి. షాపు, ఆన్‌లైన్ అమ్మకం 35లోకి. మసాలా వ్యాపారమని 30 ఒక్కటే వేసి, అసలు సరుకైన పచ్చడిని బయట వదిలేస్తారు. వ్యక్తికి గానీ, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమగా నమోదైన పత్రం) ఉన్న సంస్థకి గానీ ఆన్‌లైన్‌లో క్లాసుకి 4,500, మిగతావాళ్ళకి 9,000. మూడు క్లాసులకి 13,500. ఆంధ్రా, తెలంగాణ రెండూ చెన్నై రిజిస్ట్రీ కిందే.

పేరు ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. "ఆంధ్రా రుచులు", "అమ్మచేతి వంట" లాంటివి సరుకుని వర్ణించే మాటలని ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 కింద అభ్యంతరం వస్తుంది. "స్వగృహ" వీధికొకటి ఉంది, దాన్ని మీ సొత్తంటే ఎవరొప్పుకుంటారు? రిజిస్ట్రీ పంపే పరీక్ష రిపోర్టుకి నెలలో జవాబివ్వాలి. ట్రేడ్‌మార్క్ జర్నల్లో పడ్డాక నాలుగు నెలలు ఎవరైనా అడ్డుచెప్పొచ్చు. "ఎప్పటినుంచి వాడుతున్నారు" అన్నచోట బిల్లులు ఉన్న తేదీయే రాయండి, తాతగారి కాలం రాయకండి. రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే వలయంలో ఆర్ గుర్తు వెయ్యడం సెక్షన్ 107 కింద జరిమానా పడే తప్పు. టీఎం అని వేసుకోండి, చాలు.

గోంగూర కట్ట

కానీ మనకంటే ముందునుంచి అదే పేరు వాడుతున్నవాడు వేరే ఊళ్ళో ఉంటే, రిజిస్ట్రేషన్ ఉన్నా అతన్ని ఆపలేం కదా? మరి 13,500 దేనికి?

బోర్డు రాసేవాడు

ఆపలేం, సెక్షన్ 34 అదే చెబుతుంది. మన తర్వాత వచ్చేవాళ్ళని ఆపడానికి. పదేళ్ళకోసారి రెన్యువల్, అంతే. పేటెంట్‌కి ఇరవై ఏళ్ళ హద్దుంది, పేరుకి లేదు.

ఫ్రాంచైజీ ఒప్పందంలో రుచి తనిఖీ హక్కు రాసుకోండి, రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ ఎవరు కట్టాలో రాసుకోండి. ఒప్పందం ముగిస్తే 15 రోజుల్లో బోర్డు దించాలన్నది అందరూ రాస్తారు. షాపు ఫోన్ నంబరు, గూగుల్ మ్యాప్స్‌లో పేరు, ఇన్‌స్టా అకౌంటు, స్విగ్గీ, జొమాటో లిస్టింగు ఎవరి పేర ఉండాలో రాసేవాళ్ళు తక్కువ. బోర్డు దించినా పాత కస్టమరు ఆ నంబరుకే ఫోన్ చేస్తాడు.

డల్లాస్ దొండకాయ

ఇండియా రిజిస్ట్రేషన్ ఇక్కడ పనిచెయ్యదు. రెండు దారులున్నాయి. ఒకే అప్లికేషన్‌తో చాలా దేశాల్లో పేరు రిజిస్టర్ చేసుకునే మాడ్రిడ్ ప్రోటోకాల్‌లో ఇండియా 2013లో చేరింది, మీ చెన్నై అప్లికేషన్ ఆధారంగా అమెరికాని ఎంచుకోవచ్చు. ఆర్నెల్లలోపు వేస్తే ఇండియా తేదీయే ఇక్కడా లెక్క. చిక్కేమిటంటే మొదటి ఐదేళ్ళలో ఇండియాలో అది పడిపోతే ఇక్కడా పడిపోతుంది. రెండోది నేరుగా వెయ్యడం: క్లాసుకి 350 డాలర్లు, విదేశీ దరఖాస్తుదారుకి అమెరికా లాయరు తప్పనిసరి. ఇండియాలో అభ్యంతరాలొచ్చే పేరైతే రెండోదే నయం. ఏ దారైనా అప్లికేషన్ మీ పేర వెయ్యండి. "పేపర్ వర్క్ అంతా మేం చూసుకుంటాం" అని డిస్ట్రిబ్యూటరు తన పేర వేసుకుంటే, తర్వాత మీ డబ్బా మీరే ఇక్కడికి పంపలేరు.

రోటి పచ్చడి

"మీ పేర" అంటే ఎవరి పేర? మన పక్క చాలా యూనిట్లు ఇద్దరు అన్నదమ్ముల పార్ట్‌నర్‌షిప్పులే. పేరు పెద్దాయన సొంత పేర రిజిస్టరై ఉంటుంది, వ్యాపారం ఫర్మ్‌ది. విడిపోయిన రోజున గ్రైండర్లూ, డ్రమ్ములూ పంచుకుంటారు, పేరు దగ్గర ఆగుతారు. అప్లికేషన్ ఫర్మ్ పేర వేసి, విడిపోతే పేరు ఎవరికి, రెండోవారికి ఎంత ఇవ్వాలి అన్నది డీడ్‌లో ఇప్పుడే రాయించాలి. ఇప్పటికే ఒకరి పేర ఉంటే అసైన్‌మెంట్ (హక్కు బదిలీ పత్రం) రాసి రిజిస్ట్రీలో నమోదు చేయించాలి.

గోంగూర కట్ట

సరే, ముందు డీడ్, తర్వాత మూడు క్లాసులు. కానీ మెంతుల వేపుడు మాత్రం హైదరాబాద్‌వాళ్ళకి చూపించేది లేదు. వేయించి పొడి కొట్టిందే పంపుతా.

రోటి పచ్చడి

అది పంపండి, నిలవుంటుంది. ఆవాలు మాత్రం అక్కడే ఆడించండి.