చర్చిలో బీరు ట్యాంకులు: పాత కట్టడం బతికినట్టా, పోయినట్టా?

ఇటుకసున్నం:
పోయిన వారం పని మీద అమెరికాలో పిట్స్‌బర్గ్ వెళ్లి, లారెన్స్‌విల్‌లో సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి చూసొచ్చాను. 1902లో కట్టారు. ఉక్కు మిల్లులు పడిపోయాక ఊరు ఖాళీ అయింది. 1950లో 6.77 లక్షలున్న జనాభా 2000 నాటికి 3.35 లక్షలకు దిగింది. 1993లో చర్చి మూసేశారు. 1996 నుంచి అది చర్చ్ బ్రూ వర్క్స్, అంటే బీరు అక్కడే తయారు చేసి అమ్మే హోటల్. పాత బెంచీలనే కోసి సీట్లుగా మార్చారు. రంగుటద్దాల కిటికీలు చెక్కుచెదరలేదు. బలిపీఠం, అంటే ఫాదర్ పూజ జరిపే బల్ల, ఉండే చోట ఇప్పుడు బీరు ట్యాంకులు నిలబడి ఉన్నాయి.

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నవాణ్ని. నా లెక్కలో ఇది మంచి పని. మనుషులు తిరగని కట్టడం ఎక్కువ వానాకాలాలు ఆగదు. ముందు వాన గొట్టం పూడుకుంటుంది, తర్వాత గోడ తడుస్తుంది, ఆ మీద దూలం చివర కుళ్లుతుంది. మీరేమంటారు?

రాత్రి_డ్యూటీ:
మన గర్భగుడిలో బారు పెడితే ఊరుకుంటారా అన్నా?

తెనాలి_తాత:
నెదర్లాండ్స్‌లో మాస్త్రిక్ట్ చూడండి. 1294లో ప్రతిష్ఠించిన డొమినికన్ చర్చి, 2006 నుంచి పుస్తకాల షాపు. నేను చూశాను, కన్నీళ్లొచ్చాయి. చర్చిలో బీరెందుకు, పుస్తకాలు పెట్టుకోవచ్చుగా?

ఇటుకసున్నం:
తాతగారూ, మంచి ఉదాహరణ ఇచ్చారు. అక్కడ పుస్తకాల కోసం అంతస్తులుగా నల్లటి ఉక్కు కట్టడం ఒకటి లోపల విడిగా, ఒక పక్కకి నిలబెట్టారు. రేపు వద్దనుకుంటే విప్పి తీసేయొచ్చు, పాత రాయికి దెబ్బ తగలదు. మా వృత్తిలో మొదటి నియమం అదే. పైగా ఆ చర్చి పుస్తకాలకు ముందు సైకిళ్లు పెట్టుకునే షెడ్డుగా కూడా బతికింది. రాత్రి_డ్యూటీ, గుడి సంగతి వేరు. పిట్స్‌బర్గ్‌లో చర్చి వాళ్లే మూసి, వాళ్లే అమ్మారు.

పాత_సెమినరీ:
నేను మూడేళ్లు గురువిద్యాలయంలో, అంటే ఫాదర్లను తయారుచేసే సెమినరీలో, చదివి బయటికొచ్చినవాణ్ని. 1983 నాటి కతోలిక ధర్మశాస్త్రంలో 1222వ నిబంధన ప్రకారం, ఆరాధన ఆగిపోయిన చర్చిని బిషప్పు లౌకిక వాడకానికి వదలొచ్చు, కానీ ఆ వాడకం నీచంగా ఉండకూడదు. 1238వ నిబంధన ఇంకా ముఖ్యం: చర్చి లౌకికమైపోయినా బలిపీఠం తన ప్రతిష్ఠను కోల్పోదు. అంటే పీఠాన్ని ముందే తీసి భద్రం చేయాలి. ఇటుకసున్నం గారు దీనికి జవాబు చెప్పాలి.

ఇటుకసున్నం:
నేనన్నది "పీఠం ఉండే చోట" అని. పీఠం మీద అనలేదు.

పాత_సెమినరీ:
చోటుకి విలువ లేదంటారా? జనం తొంభై ఏళ్లు అటు తిరిగి మోకరించారు. ఆ బీరు హోటల్ మీద గొడవ అయ్యాకే కదా, తర్వాత అమ్మిన చర్చిల దస్తావేజుల్లో వాడకం మీద షరతులు రాయడం అక్కడి మేత్రాసనం (బిషప్పు పాలనలోని చర్చి పరిధి) మొదలుపెట్టింది.

ఇటుకసున్నం:
షరతు రాసుకోండి, నేనూ ఒప్పుకుంటా. కానీ కొనేవాడు దొరక్కపోతే? నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక మిషన్ ఆసుపత్రి ప్రార్థనాలయం ఉండేది. బర్మా టేకు దూలాలు, మద్రాసు టెర్రస్ కప్పు. లైబ్రరీ పెట్టుకుంటామని కొందరు అడిగితే "పవిత్ర స్థలం" అని తాళం వేశారు. పదేళ్లకు కప్పు కూలింది. ఆ దూలాలు లారీలో పాత కలప కింద పోతుంటే రోడ్డు మీద నిలబడి చూశాను. పవిత్రత పేరుతో చంపేశారు దాన్ని. మీరు నిబంధనల నంబర్లు చెప్తుంటే నాకు ఆ లారీయే గుర్తొస్తోంది.

దివిసీమ_పిల్ల:
ఇన్ని మెసేజులు చదివాను. పీఠం, దూలం, ఉక్కు. మనుషుల గురించి ఒక్క ముక్క లేదు.

మాది దివిసీమ. ఊరి పేరు రాయను. మా పేటలో ఇటుకతో కట్టిన మొదటి కట్టడం మా చర్చి. మా అమ్మమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం తీసుకెళ్లి ఇచ్చేది. పేటలో ఆడవాళ్లంతా అలాగే ఇచ్చారు. అట్లా కట్టుకున్న చర్చి అది. నాలుగేళ్ల క్రితం చర్చి పైవాళ్లు, "పాతబడిపోయింది, అభివృద్ధి చేస్తాం" అని లీజుకిచ్చారు. ఇప్పుడు ముందు భాగంలో షాపులు, వెనక ఫంక్షన్ హాలు. కట్టడం బాగానే ఉంది ఇటుకసున్నం గారూ, సున్నం కూడా కొత్తగా వేశారు. ఆదివారం ప్రార్థన మాత్రం రేకుల షెడ్డులో.

ఇటుకసున్నం:
అమ్మా, అది లీజు తగాదా. మనం మాట్లాడేది కట్టడాన్ని కాపాడటం గురించి. రెండూ కలపకండి.

దివిసీమ_పిల్ల:
నేను కలపలేదండీ. వాళ్లు కలిపారు. కాపాడతామన్న మాటతోనే వచ్చారు.

పాత_సెమినరీ:
చూశారా, వాణిజ్యం వస్తే ఇదే జరుగుతుంది. చర్చిని ఆరాధనకే ఉంచాలనేది ఇందుకే.

దివిసీమ_పిల్ల:
మీ మాట కూడా కాదు! మా చర్చి ఎప్పుడూ ఆరాధనకే లేదు. సోమవారం నుంచి శనివారం దాకా అదే మా బడి. మా అమ్మ అక్షరాలు దిద్దింది ఆ గచ్చు మీదే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి పేటలో సగం మంది దానిలోనే నిలబడి బతికారు. పెళ్లి చూపులు, తగాదాలు, ధాన్యం ఆరబెట్టడం, అన్నీ అక్కడే. బీరైనా పుస్తకమైనా నాకు గొడవ లేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది అన్నదే నేను అడుగుతున్నా. ఆ పిట్స్‌బర్గ్ చర్చికి చందాలిచ్చిన కుటుంబాలను ఎవరైనా అడిగారా? మీరిద్దరూ పొద్దుట్నుంచి కొట్టుకుంటున్నారు గానీ, ఇద్దరికీ పైనున్న అధికారి సంతకం ఉంటే చాలు!

రాత్రి_డ్యూటీ:
అక్కా 🙏

తెనాలి_తాత:
మెదక్ చర్చి కూడా గుర్తు చేసుకోవాలి. కరువులో పనికి వచ్చిన కూలీలు తిండి కోసం మోసిన రాళ్లు అవి. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. కట్టించిన పోస్నెట్ దొరగారి పేరు అందరికీ తెలుసు, రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు?

పాత_సెమినరీ:
ఒక్క మాట. 1222లోనే ఉంది: ఆ చర్చి మీద హక్కు ఉందనేవాళ్ల సమ్మతి బిషప్పు తీసుకోవాలి. నేను పైన రాసినప్పుడు ఆ భాగం వదిలేశాను. పిల్లగారు కోప్పడితే గానీ గుర్తు రాలేదు. వాళ్లది కతోలిక సంఘం కాకపోయినా, న్యాయం అదే.

ఇటుకసున్నం:
కట్టడం నిలవడం ముఖ్యమన్న మాట నేను వెనక్కి తీసుకోను. ఖాళీగా వదిలితే మీ చర్చి కూడా ఉప్పుగాలికి పోయేది. కానీ అమ్మా, మా పనిలో మేం మొదట అడిగే ప్రశ్న "దీన్ని ఇప్పుడు ఎవరు వాడుతున్నారు" అని. మీ ఊళ్లో ఆ ప్రశ్న వేయకుండానే పని మొదలుపెట్టారు. అది తప్పు పని. లీజు ఎన్నేళ్లకు రాశారు? రిజిస్టర్ అయిందా? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీస్తే తెలుస్తుంది. సంఘం సభ్యుల తీర్మానం జతచేశారో లేదో దస్తావేజు నకలు తీసి చూడండి. అది లేకపోతే అడగడానికి దారి ఉంటుంది.

దివిసీమ_పిల్ల:
33 ఏళ్లకు రాశారు. తీర్మానం ఉందో లేదో మాకు చూపించలేదు. నకలు కోసం సోమవారం అన్నయ్యను పంపిస్తా.

మా అమ్మకి 71. ఆదివారం షెడ్డుకి వెళ్లేటప్పుడు ఇప్పటికీ పాత చర్చి ముందు ఆగి, షట్టరు వైపు తిరిగి కొంగు తల మీద కప్పుకుంటుంది.