అప్‌డేట్: భాష ఒకటైతే జాతి ఒకటైనట్టేనా?

భాష, మతం, జాతి అనే మూడింటిలో ఏది మనుషులను ఒక సమూహంగా నిలుపుతుందని గతంలో ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. భాషే ప్రధానమని అప్పట్లో నేను గట్టిగా వాదించాను. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

నా అభిప్రాయాన్ని మార్చింది ఆగ్నేయ ఐరోపాలోని బోస్నియా దేశపు ఉదాహరణ. అక్కడి సెర్బులు, క్రోయాట్లు, బోస్నియాక్‌లు ఒకరి మాట మరొకరికి ఇట్టే అర్థమయ్యే భాషలే మాట్లాడుతున్నా, వరుసగా ఆర్థడాక్స్ క్రైస్తవ, కేథలిక్ క్రైస్తవ, ఇస్లాం సంప్రదాయాల వారసత్వం వల్ల మూడు వేర్వేరు జాతులుగా గుర్తింపు పొందారు. అక్కడి సిగరెట్ పెట్టెల మీద ఆరోగ్య హెచ్చరికను మూడు భాషల పేరిట మూడుసార్లు అచ్చువేసేవారు: రెండు పంక్తులు లాటిన్ లిపిలో అక్షరం పొల్లుపోకుండా ఒకటే, మూడోది అదే వాక్యం సిరిలిక్ లిపిలో (రష్యన్ వంటి భాషలు రాసే లిపి). చూసి నవ్వొచ్చినా, ఈ మూడు జాతుల మధ్య జరిగిన 1992–95 యుద్ధాన్ని తలచుకుంటే ఆ నవ్వు నిలవదు.

అలాగని మతమే నిర్ణాయకమనీ అనలేము. బంగ్లాదేశ్ 1971లో పాకిస్తాన్ నుంచి విడిపోయినప్పుడు ఇరువైపులా అధికసంఖ్యాకుల మతం ఒకటే; 1952 నాటి బెంగాలీ భాషోద్యమమే ఆ చీలికకు బీజం వేసింది. స్విట్జర్లాండ్‌లోనైతే నాలుగు జాతీయ భాషలున్నా దేశం నిలిచే ఉంది.

కాబట్టి ఒక సమూహం తనను తాను వేరుగా చెప్పుకోవడానికి ఏ లక్షణాన్ని ముందుకు తెస్తుందో, ఎప్పుడు తెస్తుందో చూడాలన్న సమాధానాన్నే నేను అంగీకరిస్తున్నాను.