చోక్ తీస్తే చాలు గడ్డి మెషిన్ ఆగిపోతోంది: కార్బురేటర్ కడగాలా, మార్చేయాలా?

పచ్చికరాజు:
అన్నలూ ఒక గొడవ తీర్చండి. నాది తోసుకుంటూ పోయే గడ్డి మెషిన్, ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజన్. ఐదు నెలలు మూలన పడేశా, ట్యాంకులో సగం పెట్రోల్ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చోక్ వేసి తాడు లాగితే మూడో లాగుడుకి అందుకుంటుంది, చోక్ తీయగానే రెండుసార్లు ఊగి ఆగిపోతుంది. సగం చోక్‌లో నడుస్తుంది గానీ గడ్డిలోకి తోశానా, అంతే సంగతులు. కొత్త ప్లగ్ వేశా, తేడా లేదు. మా బావేమో గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్‌నే కొత్తది పడెయ్ అంటాడు, నేనేమో కడిగితే పోద్దంటున్నా. ఎవరు రైటు?

స్పానర్12:
మీ బావే. నేనూ ఒకప్పుడు మీలాగే కడిగా, మళ్ళీ విప్పా, మళ్ళీ కడిగా, మూడు ఆదివారాలు పోయాయి. పాత పెట్రోల్ ఎండిపోయి లోపల జిగురులా పట్టేస్తుంది, పైకి తళతళలాడుతుంది గానీ కంటికి కనపడని దారులు మూసుకుపోయే ఉంటాయి. పైగా ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమ పీల్చుకుంటుంది, ఆ నీళ్ళు కార్బురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె అడుగున చేరి లోహాన్ని తింటాయి. తెల్లపొడి పూసి కింద గుంటలు పడితే ఏం కడిగినా లాభం లేదు.

నిదానం:
గుంటలు పడితే మార్చాల్సిందే, ఒప్పుకుంటా. కానీ పడ్డాయో లేదో విప్పి చూడకుండానే తీర్పు ఇచ్చేస్తే ఎలా అన్నా? చోక్ మూస్తే ఏం జరుగుతుంది, గాలి తగ్గుతుంది, లోపల లాగుడు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. చోక్‌తోనే నడుస్తోందంటే మిక్చర్ లీన్ అయింది, అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. పెట్రోల్ అయినా తక్కువ వస్తోంది, లేకపోతే కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య గ్యాస్కెట్ చిరిగి దొంగగాలి దూరుతోంది. రెండోదైతే కొత్తది వేసినా చిరిగిన గ్యాస్కెట్ మార్చకపోతే అదే కథ.

రాజు గారూ, ముందు ప్లగ్ వైరు పీకేయండి. పాత పెట్రోల్ మొత్తం తీసేయండి, మెషిన్ వాల్చాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి, లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి పోతుంది. గిన్నె కింద బోల్టు ఉంటుంది కదా, కొన్ని మోడళ్ళలో ఆ బోల్టే మెయిన్ జెట్, అంటే పెట్రోల్ కొలిచి వదిలే ముక్క, పక్కన ఒక సన్న రంధ్రం ఉంటుంది, చాలామంది అది ఉత్త బోల్టే అనుకుని తుడిచి పక్కన పెట్టేస్తారు. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి.

స్పానర్12:
చూస్తాడు, పిన్నీసు పెట్టి పొడుస్తాడు, రంధ్రం పెద్దదవుతుంది, అప్పుడు నల్లపొగ. ఇదే కదా జరిగేది 😄

నిదానం:
అందుకే పిన్నీసు వద్దు, గట్టి తీగ అసలే వద్దు. జెట్ ఇత్తడి, మెత్తగా ఉంటుంది. నైలాన్ దారపు పోగు చాలు. కార్బురేటర్ క్లీనర్ కొట్టి కాసేపు నాననిచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని గాలి కొట్టండి. రబ్బరు ముక్కలన్నీ ముందే తీసేయండి, క్లీనర్‌కి ఉబ్బిపోతాయి.

తాడులాగుడు:
మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. గిన్నె జోలికి పోకముందు ట్యాంకు మూత కొంచెం వదులు చేసి చూడమనండి. మూతకి గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోల్ కిందికి దిగదు. నాది ఆగిపోయేది, కాసేపు ఆగి స్టార్ట్ చేస్తే మళ్ళీ నడిచేది, నేను అనవసరంగా కార్బురేటర్ మొత్తం విప్పా.

దొంగగాలి టెస్టుకి కొందరు ఇంజన్ నడుస్తుండగా గ్యాస్కెట్ దగ్గర క్లీనర్ స్ప్రే కొట్టి స్పీడు మారుతుందా చూస్తారు. అది మండే సరుకు, సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. నాకైతే ఇష్టం లేదు, గ్యాస్కెట్ విప్పి కళ్ళతో చూస్తే పోలా.

పచ్చికరాజు:
మూత వదులు చేశా, తేడా లేదు. గిన్నె విప్పా. అడుగున గోధుమరంగు జిగురు, రెండు నీటి బొట్లు పాదరసంలా దొర్లుతున్నాయి. బోల్టులో రంధ్రం నిజంగానే మూసుకుపోయింది! గుంటలు లేవు. గ్యాస్కెట్లు బాగానే ఉన్నాయి. కడిగి బిగించా, ఇప్పుడు చోక్ తీసినా నడుస్తోంది, గడ్డిలోనూ ఆగట్లేదు. కానీ ఊరికే తిరుగుతున్నప్పుడు స్పీడు పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది.

స్పానర్12:
చెప్పానా.

నిదానం:
సగమే చెప్పారన్నా. ఇది ఇంకా కొంచెం లీన్‌గానే ఉంది. స్పీడు తగ్గితే, దాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ థ్రాటిల్ (ఇంజన్‌కి వెళ్ళే దారి మూత) తెరుస్తుంది, అందుకోగానే మూస్తుంది, అదే ఊగుడు. గవర్నర్ స్ప్రింగ్ జోలికి మాత్రం పోవద్దు, తప్పు దానిది కాదు. మెయిన్ జెట్ పైన ఇత్తడి గొట్టం ఉంటుంది, చుట్టూ సూదిమొన అంత రంధ్రాలు, దాన్ని బయటికి తీశారా? ఇంకా కొన్నింటిలో ఐడిల్ స్క్రూ దగ్గర ప్లాస్టిక్ తల ఉన్న పైలట్ జెట్ ఉంటుంది, ఊరికే తిరిగేటప్పుడు పెట్రోల్ ఇచ్చేది అదే. కడిగాం కడిగాం అనేవాళ్ళలో చాలామంది ఈ రెండింటినీ ముట్టుకోరు, కడిగినా పని చేయలేదని తిట్టుకుంటారు.

స్పానర్12:
సరే, ఆ మూడు ఆదివారాల్లో పైలట్ జెట్ నేనూ తీయలేదు. ఒప్పుకున్నా. అయినా పనికి వెళ్ళేవాడికి ఇంత ఓపిక ఎక్కడిది, కొత్తదైతే రెండు బోల్టులు, అయిపాయె.

పచ్చికరాజు:
ఆఖరి అప్‌డేట్. గొట్టం తీశా, నాలుగు రంధ్రాలు పూడిపోయి ఉన్నాయి, పైలట్ జెట్‌లోంచి వెలుతురే రాలేదు. రెండూ నానబెట్టి గాలి కొట్టా. ఇప్పుడు ఊగుడు పోయింది, ఒకే శృతిలో తిరుగుతోంది.

ఇంకో సంగతి, మా బావ నాకు చెప్పకుండా కొత్త కార్బురేటర్ తెప్పించేశాడు. పక్కపక్కన పెట్టి చూస్తే గవర్నర్ లింక్ తగిలించే రంధ్రం ఒక వేలెడు పక్కకి ఉంది. మనిషి అప్పటినుంచీ మాట్లాడట్లేదు.