రోడ్డు ఇరుకు చేస్తే సేఫ్టీ పెరుగుతుందా? మరి ట్రాఫిక్ సంగతి?

ప్రశ్న:
సెమినార్ కోసం రోడ్డు జామెట్రీ (అంటే రోడ్డు వెడల్పు, మలుపుల కొలతలు) టాపిక్ తీసుకున్నానండి. క్లాసులో చెప్పిందంతా లేన్ వెడల్పు పెంచు, కర్వ్ రేడియస్ పెంచు అనే, తీరా కొత్త పేపర్లు తిరగేస్తే లేన్లు తగ్గించండి మూలలు బిగించండి (మలుపు రేడియస్ తగ్గించండి) అంటున్నారు, బుర్ర తిరిగిపోతోంది. ఇరుకు చేస్తే జామ్ అవ్వదా?

జవాబు 1:
క్లాసులో చెప్పింది తప్పేం కాదు, కాకపోతే అది హైవే లెక్క. అదే కొలత తెచ్చి వీధిలో పెడితే డ్రైవర్ కాలు బ్రేక్ మీదకి రాదు. మూల బిగువుగా ఉంటే మలుపు తిరిగే బండి చచ్చినట్టు స్లో అవుతుంది, నడిచేవాళ్లు దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. జామ్ అంటారా, చాలావరకు అది జంక్షన్ దగ్గర పుట్టేదే, అక్కడ టైం తినేది సిగ్నల్ ఫేజులు, అంటే ఒక్కో వైపుకి పచ్చ లైటు ఇచ్చే వంతులు. ఫేజు మారిన ప్రతిసారీ పసుపు, ఆల్ రెడ్ (అన్ని వైపులా ఎరుపే) కింద కొన్ని సెకన్లు ఊరికే పోతాయి. డైవర్జింగ్ డైమండ్ అని హైవేని ఇంకో రోడ్డు బ్రిడ్జితో దాటే చోట కట్టే ఒక రకం జంక్షన్ ఉంది, దాని గురించి చదవండి, అమెరికాలో మొదటిది 2009లో మిస్సోరీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కట్టారు, బ్రిడ్జి మీద కాసేపు రెండు వైపుల ట్రాఫిక్‌ని సైడ్ మార్పించి రెండే ఫేజుల్లో కానిచ్చేస్తారు. మొదటిసారి బొమ్మ చూసి పిచ్చోళ్లు గీశారనుకున్నా 😀

జవాబు 2:
రౌండెబౌట్ (మధ్యలో దిమ్మె చుట్టూ బండ్లు తిరిగి పోయే జంక్షన్) వదిలేశారేంటి బ్రో. నాలుగు రోడ్ల మామూలు జంక్షన్‌లో బండ్ల దారులు కలిసే, విడిపోయే, అడ్డంగా కోసుకునే చోట్లు 32, సింగిల్ లేన్ రౌండెబౌట్‌లో 8, అందులో అడ్డంగా కోసుకునేది ఒక్కటీ ఉండదు. రెండు లేన్లవి అయితే లోపల లేన్ మారేటప్పుడే గీసుకుంటారు, అందుకే నెదర్లాండ్స్‌లో టర్బో రౌండెబౌట్ తెచ్చారు, లోపలికి రాకముందే లేన్ ఎంచుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మరి మూల బిగిస్తే పెద్ద లారీ, ఫైరింజన్ ఎలా తిరుగుతాయి?

జవాబు 3:
ట్రక్ ఏప్రన్ అని ఉంటుంది, మూల దగ్గర కాస్త ఎత్తుగా గరుకుగా కట్టిన పట్టీ, లారీ వెనక చక్రం దాని మీదుగా ఎక్కి పోతుంది, కారు వాడు మాత్రం కుదుపుకి భయపడి బయటే తిరుగుతాడు.
ఇంకోటి, హైవేకి కూడా వెడల్పే మందు కాదు. స్వీడన్‌లో 13 మీటర్ల రోడ్లనే మూడు లేన్లుగా చీల్చి మధ్యలో కేబుల్ బారియర్ వేశారు, ఓవర్‌టేక్ లేన్ కాసేపు వీళ్లకి కాసేపు వాళ్లకి. ఆ రోడ్ల మీద చావులు దాదాపు ముప్పావు వంతు తగ్గాయి.
సెమినార్‌కి నన్నడిగితే వీడియోతో సేఫ్టీ కొలిచే పద్ధతి మీద పెట్టండి. యాక్సిడెంట్లు లెక్కపెట్టాలంటే ఏళ్లు పడుతుంది, ఇప్పుడు కెమెరా పెట్టి ఒక బండి వదిలిన చోటికి ఇంకో బండి ఎన్ని సెకన్లలో వచ్చిందో కొలుస్తున్నారు, దాంతో మార్పు పనిచేసిందో లేదో ముందే ఓ అంచనా వస్తుంది.