తిక్కన ‘సేయకునికి’ సరే, చేసేశాక?

కావలి సభ్యుడు:
‘ఒరులేయవి యొనరించిన నరవర యప్రియము తన మనంబున కగు, దా నొరులకు నవి సేయకునికి పరాయణము పరమధర్మపథముల కెల్లన్’. తిక్కన మా నెల్లూరాయన అని గొప్పగా చెప్పుకుంటాం కదా, అందుకే అడుగుతున్నా. మనకు ఏది చేస్తే బాధో అది ఇంకొకరికి చేయకుండా ఉండమన్నాడు. బాగుంది. చేసేసినవాడి సంగతేంటి? వాడు దిద్దుకోవడాన్ని ప్రాయశ్చిత్తం అనొచ్చా?

పొదిలి సభ్యుడు:
అనొచ్చు గానీ అన్నా, ప్రాయశ్చిత్తం చేసినవాడి పాపం పోవడానికే. నష్టపోయినవాడు అందులో ఎక్కడా కనపడడు. పక్కవాడి గట్టు చెక్కి రెండు మూరలు కలుపుకున్నోడు తిరుపతి వెళ్ళి గుండు చేయించుకొస్తాడు. ప్రాయశ్చిత్తం అయిపోతుంది. గట్టు మాత్రం జరిపినచోటే ఉంటుంది.

కావలి సభ్యుడు:
పోనీ పరిహారం?

పొదిలి సభ్యుడు:
దాన్ని ప్రాజెక్టులు మింగేశాయి. మా పక్క వెలిగొండ ముంపు ఊళ్ళలో పరిహారం అంటే ఖాతాలో పడే డబ్బే. అపరాధం ఇంకా విచిత్రం. పరీక్ష ఫీజు ఆలస్యమైతే ‘అపరాధ రుసుముతో గడువు’ అని పేపర్లో వేస్తారు. ఆ పిల్లాడు ఎవరికి అపరాధం చేశాడో పాపం!

నెల్లూరు మేష్టారు:
బందెలదొడ్డి చూసినవాళ్ళు గ్రూపులో ఎవరైనా ఉన్నారా? గేదె చేలో పడి వరి మేస్తే దొడ్డికి తోలేవారు. గేదెగలాయన బందె కట్టి విడిపించుకునేవాడు. ఆ డబ్బు పంచాయతీకి పోయేది, పైరు పోయిన రైతుకు కాదు. కాస్త మర్యాద ఉన్నవాడైతే సాయంత్రం ఆ రైతింటికి వెళ్ళి, ‘తప్పైపోయింది అబ్బయ్యా, కోతలప్పుడు రెండు తూములు కొలిచిస్తా’ అనేవాడు. మా వైపు దీన్ని ‘నష్టం కట్టివ్వడం’ అంటాం. మీరడిగినదానికి నాకు తెలిసి ఇదే దగ్గరి మాట. పెద్ద సంస్కృత పదమేం అక్కర్లేదు.

కావలి సభ్యుడు:
వడ్లయితే కొలిచివ్వొచ్చు మేష్టారూ. లేనిపోనివి చెప్పి ఒకరింటి పిల్ల సంబంధం చెడగొట్టినవాడు ఏం కొలిచిస్తాడు?

నెల్లూరు మేష్టారు:
నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ఏ ఇంట్లో చెప్పాడో ఆ ఇంటికే వెళ్ళి ‘నేనన్నది అబద్ధం’ అనాలి. చాటుగా పిల్ల తండ్రి కాళ్ళు పట్టుకుంటే ఆయన జాలిపడతాడేమో గానీ, ఊరికేం తెలుస్తుంది?

పొదిలి సభ్యుడు:
అలా చేసినవాణ్ణి నేనైతే చూళ్ళేదు మేష్టారూ. గట్టు వెనక్కి జరిపినోళ్ళను చూశా. అదీ సర్వేయరు వచ్చి గొలుసు పట్టాక.