అప్‌డేట్: బావ క్యాబ్ లైసెన్స్ సంగతి

బెంగళూరులో ఎల్లో బోర్డు క్యాబ్ నడిపే మా బావని సిల్క్ బోర్డు దగ్గర ఫోన్ చేత్తో పట్టుకుని నడుపుతున్నాడని ఆపి, లైసెన్స్ తీసుకుని రసీదు చేతిలో పెట్టారని, ఫైన్ కట్టేస్తే అయిపోతుందా అని అడిగాను కదా. అయిపోదు. ఫైన్ వేరు, లైసెన్స్ మీద చర్య వేరు. పోలీసులు లైసెన్స్‌ని ఆర్టీఓకి పంపుతారు, అక్కడ మన మాట విన్నాకే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 19 కింద ఆర్డర్ ఇస్తారు. మొదటిసారైతే 3 నెలలు సస్పెన్షన్, మళ్లీ దొరికితే ఏకంగా రద్దు.

మ్యాప్ చూస్తున్నా అని బావ వాదించాడు. దారి చూసుకోవడానికి ఫోన్ వాడొచ్చని రూల్ ఉన్నమాట నిజమే, కానీ దృష్టి మళ్లకూడదు. ఈయన చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతుంటే ఫొటో తీశారు, ఇంకేం వాదిస్తాం! 3 నెలలు పడింది.

ఇక్కడ కొందరు "ఎవరు చూస్తారు, నైట్ డ్యూటీ చేసుకోమను" అన్నారు. దయచేసి అలాంటి సలహాలివ్వకండి. సస్పెన్షన్‌లో నడిపితే 10,000 ఫైన్, జైలు కూడా పడొచ్చు, తెలిసి బండి ఇచ్చిన ఓనర్‌కీ కేసే. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ గొడవ అదనం.

ఈఎంఐ టెన్షన్ ఉంది కాబట్టి ప్రస్తుతానికి బండిని తెలిసిన డ్రైవర్‌కి ఇచ్చాం. లైసెన్స్ తిరిగివ్వాలంటే రిఫ్రెషర్ ట్రైనింగ్ చేయాలట, దానికి బావ ఇప్పటినుంచే సణుగుతున్నాడు.