ట్రక్కు పెయింటుకు ఇంట్లోనే పాలిష్, వ్యాక్స్ చేసుకోవడంపై సలహా కావాలి

మా ట్రక్కు ముదురు నీలం రంగుది. ఎండ పడినప్పుడు బానెట్ మీద, తలుపుల మీద సాలెగూడు వంటి సన్నని గీతలు కనిపిస్తున్నాయి. అవి గోటికి తగలడం లేదు కనుక క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) పైభాగానికే పరిమితమై ఉంటాయని భావిస్తున్నాను. రెండు బకెట్ల పద్ధతిలో (ఒకటి షాంపూ నీళ్లకు, మరొకటి గుడ్డ జాడించడానికి), కారు షాంపూతో, నీడలోనే కడుగుతున్నాను. కడిగిన తరువాత కూడా బానెట్ చేతికి గరుకుగా తగులుతోంది, కాబట్టి ముందు క్లే బార్ (పెయింటుకు అతుక్కున్న మురికిని లాగేసే మెత్తని ముద్ద) వాడక తప్పదు.

నా అసలు సందేహం పాలిష్ గురించి. క్లియర్ కోట్ మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది, పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. అందుకే ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ యంత్రం జోలికి పోకుండా, తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ పాలిషర్‌కు మెత్తని ఫోమ్ ప్యాడ్ బిగించి ముందుగా ఒక చిన్న భాగంలో పరీక్షించాలని అనుకుంటున్నాను. దీనికి ఫినిషింగ్ పాలిష్ (తక్కువగా అరగదీసే రకం) సరిపోతుందా, కాంపౌండ్ (ఎక్కువగా అరగదీసే రకం) అవసరమవుతుందా? పెయింటు పలచగా ఉండే అంచుల దగ్గర మీరు టేపు అంటిస్తారా, లేక చేత్తోనే రుద్దుతారా?

కార్నౌబా వ్యాక్స్ (ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం) ఇచ్చే నిగారింపు నాకు ఇష్టమే గాని, బండి ఎప్పుడూ ఆరుబయటే ఉంటుంది కనుక అదొక్కటే సరిపోదేమో. ముందు సింథటిక్ సీలెంట్ (కృత్రిమ రక్షణ పూత) వేసి, దాని మీద వ్యాక్స్ పూయాలంటే మధ్యలో ఎంత వ్యవధి ఇవ్వాలో అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.